పారాసిటమాల్ ఎలా వాడాలి: మోతాదు, వ్యవధి, 24 గంటల లెక్క

"పొద్దున ఒక 650 వేసుకున్నాను. జ్వరం మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఇంకోటి వేసుకోవచ్చా?"

పారాసిటమాల్ గురించి నన్ను ఎక్కువమంది అడిగేది ఈ ప్రశ్నే. జవాబు చెప్పాలంటే నాలుగు సంగతులు తెలియాలి. పొద్దున అంటే ఎన్ని గంటలకు? మధ్యలో ఇంకేం మందులు వేసుకున్నారు? మీ బరువెంత? లివర్ బాగుందా? తిరిగి అడిగితే చాలామంది మొదటిదానికే తడుముకుంటారు.

చిక్కంతా అక్కడే ఉంది. మోతాదులో ఉన్నంతవరకు ఇది చాలా నెమ్మదైన మందు. మోతాదు దాటితే లివర్‌ను దెబ్బతీస్తుంది, పైగా ఆ సంగతి ఒకటి రెండు రోజుల దాకా బయటపడదు. అందుకని మాత్రలను లెక్కపెట్టడం మానేసి మిల్లీగ్రాములను లెక్కపెట్టడం అలవాటు చేసుకోవాలి. కింద ఉన్న క్రమంలోనే చేయండి.

ఇక్కడ రాసిన మోతాదులు వేరే జబ్బులేవీ లేనివారికి. మీ డాక్టర్ మీకు వేరుగా రాసిచ్చి ఉంటే అదే పాటించండి.

## 1. ముందు స్ట్రిప్ చదవండి

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. డోలో, క్రోసిన్, కాల్పాల్, పనడాల్, టైలినాల్ అన్నీ ఒకే మందు. మనకు కావలసింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు: పారాసిటమాల్. కొన్ని దేశాల్లో ఇదే మందును అసిటమినోఫెన్ అంటారు. ఈ రెండూ వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకున్నవాళ్ళు ఉన్నారు.

చూడవలసినవి:

- మందు పేరు
- ఒక్కో మాత్రలో ఎన్ని మి.గ్రా. (సాధారణంగా 500 లేదా 650, కొన్ని చోట్ల 1000)
- ఒకటే మందా, దానితో ఇంకేమైనా కలిసి ఉందా
- ఎక్స్‌పైరీ తేదీ

ఇక్కడే ఒక చిన్న అలవాటు మార్చుకోవాలి. మాత్రలు తీసేటప్పుడు మనం స్ట్రిప్‌ను ఎటు పడితే అటు చింపుతాం. ఆఖరికి రెండు మాత్రలున్న ముక్క మిగులుతుంది, దాని మీద పేరులో సగం, తేదీలో ఒక అంకె. రాత్రి రెండింటికి ఫోన్ లైటు వేసుకుని ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూడడం ఎంత చిరాకో నాకు తెలుసు. పేరు, మి.గ్రా., తేదీ ఉన్న అంచును చివరి మాత్ర అయిపోయేదాకా చింపకండి. ఏ మాత్రో తెలియని ముక్క దొరికితే ఊహించవద్దు, పారేయండి.

పేరు పక్కన నెమ్మదిగా విడుదలయ్యే రకం అని ఉంటే అది వేరే లెక్క. 665 మి.గ్రా. మాత్రలు ఇలాంటివే. వాటిని ఎనిమిది గంటలకోసారి వేసుకుంటారు, విరగ్గొట్టకూడదు, నమలకూడదు.

## 2. ఇంట్లో ఉన్న మిగతా మందుల్లో వెతకండి

మోతాదు మించిపోవడం చాలాసార్లు జరిగేది ఇలాగే: జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి, నడుంనొప్పికి ఒకటి. మూడు వేర్వేరు మాత్రలే, కానీ మూడింటిలోనూ పారాసిటమాల్.

ఇవన్నీ బయటికి తీసి వెనకవైపు చదవండి:

- జలుబు, దగ్గు, ముక్కుదిబ్బడ మాత్రలు, సిరప్‌లు, వేడినీళ్ళలో కలుపుకునే పొడులు
- ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివాటితో కలిపి చేసిన నొప్పి మాత్రలు
- ట్రమడాల్ కలిసిన గట్టి నొప్పి మాత్రలు
- నెలసరి నొప్పికి వాడేవి
- కెఫీన్ కలిసిన తలనొప్పి మాత్రలు

పారాసిటమాల్ కనబడిన ప్రతి పెట్టె మీద పెన్నుతో పెద్ద "పా" అని రాసేయండి. "పా" ఉన్న రెండు పెట్టెల్లోంచి ఒకే పూట మాత్రలు తీయకూడదు. ఇంట్లో కళ్ళద్దాలు వెతుక్కునే పెద్దవాళ్ళు ఉంటే ఈ ఒక్క అక్షరం చాలా పని చేస్తుంది.

## 3. మీకు మామూలు మోతాదు సరిపోతుందా?

కింది వాటిలో ఏ ఒక్కటి మీకు వర్తించినా పూర్తి మోతాదుకు వెళ్ళకముందే డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడగండి.

- లివర్ జబ్బు ఉంది, లేదా ఈమధ్య కామెర్లు వచ్చాయి
- రోజూ మద్యం తాగే అలవాటు ఉంది
- బరువు 50 కిలోల లోపు
- కొన్ని రోజులుగా సరిగ్గా తిండి లేదు, బాగా చిక్కిపోయారు
- కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉంది
- రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడుతున్నారు
- ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లేదా టీబీకి రిఫాంపిసిన్, ఐసోనియజిడ్ వాడుతున్నారు
- ఇదివరకు పారాసిటమాల్ పడక దద్దుర్లు, వాపు వచ్చాయి (వీళ్ళు అసలు వేసుకోకూడదు)

తిండి గురించి ఎందుకు రాశానంటే, శరీరంలో ఈ మందు కరిగేటప్పుడు కొద్దిపాటి విషపదార్థం తయారవుతుంది. లివర్‌లో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. రోజుల తరబడి తినకపోయినా, అదేపనిగా తాగినా ఆ నిల్వ తగ్గిపోతుంది. మోతాదు మించినప్పుడు జరిగేదీ ఇదే: నిల్వ అయిపోతుంది, విషం మిగిలిపోతుంది.

వార్ఫరిన్ వాడేవాళ్ళు ఎప్పుడో ఒక మాత్ర వేసుకుంటే భయం లేదు. వరసగా కొన్ని రోజులు వేసుకుంటే రక్తం మరీ పలచబడొచ్చు, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే) పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణులకు నొప్పికైనా జ్వరానికైనా డాక్టర్లు ముందుగా ఎంచుకునేది సాధారణంగా ఈ మందునే. అయినా పని జరిగే అతి తక్కువ మోతాదు, వీలైనన్ని తక్కువ రోజులు, డాక్టర్‌కు చెప్పి. పాలిచ్చే తల్లులు మామూలు మోతాదులో వాడుకోవచ్చు.

## 4. జ్వరం చూడండి, తర్వాత మనిషిని చూడండి

నుదుటి మీద చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది, ఎంతో తెలియదు. థర్మామీటర్ పెట్టండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్ దాటితే జ్వరం అంటారు. చంకలో పెడితే నోట్లో కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. వేడి కాఫీయో చల్లని నీళ్ళో తాగిన వెంటనే నోట్లో పెట్టవద్దు, పావుగంట ఆగండి.

అంకె కనబడగానే మాత్ర వేయాలని లేదు. జ్వరం జబ్బు కాదు, లక్షణం. 101 ఉన్నా పిల్లవాడు ఆడుకుంటూ నీళ్ళు తాగుతుంటే మందు లేకుండా గమనిస్తూ ఉండవచ్చు. 100.5కే ఒళ్ళు నొప్పులతో మూలుగుతుంటే వేయండి. మందు వేసేది మనిషికి, థర్మామీటర్‌కు కాదు.

మందు పని చేసినా జ్వరం పూర్తిగా దిగాలని లేదు. 103 నుంచి 101కి వచ్చి మనిషి లేచి కూర్చుంటే మందు పని చేసినట్టే. ఇది తెలియక "98.6 రాలేదు" అని గంటకే ఇంకో మాత్ర వేసేస్తారు.

## 5. పెద్దవాళ్ళ మోతాదు

- ఒక్కసారికి: 500 నుంచి 1000 మి.గ్రా.
- రెండు మోతాదుల మధ్య: కనీసం 4 గంటలు, వీలైతే 6
- 24 గంటల్లో మొత్తం: 4000 మి.గ్రా. దాటకూడదు

వరసగా కొన్ని రోజులు వాడవలసి వస్తే 3000 దగ్గరే ఆగమని చాలామంది డాక్టర్లు చెప్తారు. నా సలహా కూడా అదే. 3వ అంచెలో రాసినవాళ్ళకు ఈ హద్దు ఇంకా తక్కువ, చాలాసార్లు 2000.

ఈ మూడు గీతలూ ఒకేసారి పాటించాలి. చాలామంది మొదటి రెండూ చూసి మూడోది మరిచిపోతారు. 1000 మి.గ్రా. నాలుగు గంటలకోసారి వేసుకుంటే 24 గంటల్లో 6000 అవుతుంది! 1000 వేసుకునేవాళ్ళు ఆరు గంటలు ఆగాల్సిందే. 650 మాత్ర నాలుగు గంటలకోసారి అయితే ఆరు మాత్రలు, 3900. దాని మీద 500 ఉన్న జలుబు మాత్ర ఒక్కటి పడినా హద్దు దాటినట్టే.

500 మాత్ర ఒకటి సరిపోయేచోట రెండు వేసుకోవడం అనవసరం. 500తో మొదలుపెట్టండి. గంటన్నర తర్వాత కూడా తేడా లేదనిపిస్తే వచ్చేసారి మోతాదు పెంచండి. మధ్యలో కలపవద్దు.

బరువు 50 కిలోల లోపు ఉంటే కిలోకు 15 మి.గ్రా. దాటకుండా చూసుకోండి. 40 కిలోల మనిషికి అది 600. అంటే 500 మాత్ర ఒకటి సరిపోతుంది, రెండు ఎక్కువ.

## 6. పిల్లల మోతాదు: వయసు కంటే బరువు ముఖ్యం

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మూడు నెలల లోపు పసివాళ్ళకు మీ అంతట మీరు వేయవద్దు. ఆ వయసులో 100.4 జ్వరం ఉంటే మందు సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఆపై వయసు పిల్లలకు లెక్క ఇది:

- ఒక్కసారికి: కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా.
- వ్యవధి: 4 నుంచి 6 గంటలు
- 24 గంటల్లో నాలుగుసార్లకు మించి వేయకూడదు

పిల్లవాడి బరువు తెలియకపోతే, మీరు ఒక్కరే బరువు చూసుకోండి, తర్వాత వాడిని ఎత్తుకుని చూసుకోండి. తేడానే వాడి బరువు. పిల్లలు పెద్దయ్యేకొద్దీ కిలో లెక్కన వచ్చే మోతాదు పెరుగుతూనే పోతుంది, అది పెద్దవాళ్ళ మోతాదును మాత్రం దాటకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. పారాసిటమాల్ సీసాలన్నీ ఒకే గాఢతలో ఉండవు. 10 కిలోల పాపకు 125 మి.గ్రా. వేయాలనుకుందాం (కిలోకు 12.5 చొప్పున):

- 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే: 5 మి.లీ.
- 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే: 2.5 మి.లీ.
- 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉన్న చుక్కల మందు అయితే: 1.25 మి.లీ.

ఒకే పాప, ఒకే మోతాదు, మూడు కొలతలు. చుక్కల మందు పసివాళ్ళదే కదా, తేలిక మందై ఉంటుందని అనుకుంటారు. నిజానికి ఇదే అన్నిటికంటే చిక్కనిది. పసివాళ్ళ పొట్టలో ఎక్కువ ద్రవం పట్టదు కాబట్టి తక్కువ చుక్కల్లో ఎక్కువ మందు ఉండేలా చేస్తారు. ఆ సీసాలోంచి అలవాటుగా 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. లోపలికి వెళ్ళినట్టు, అంటే పడవలసిన దానికి నాలుగింతలు.

అందుకే "మా వాడికి ఎన్ని మి.లీ. వేయాలి?" అని ఫోన్‌లో అడిగితే ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. సీసా మీద ఎన్ని మి.లీ.కి ఎన్ని మి.గ్రా. ఉందో చదివి వినిపించిన తర్వాతే అడగండి.

పోసేటప్పుడు:

1. సీసాను బాగా కుదపండి. మందు అడుగున దిగి ఉంటే మొదటి రోజు పలచగా, ఆఖరి రోజు చిక్కగా పడుతుంది.
2. సీసాతో వచ్చిన కొలత మూత, డ్రాపర్ లేదా సూది లేని సిరంజి వాడండి. వంటింటి చెంచా వద్దు, రెండు చెంచాలు ఒకేలా ఉండవు.
3. మూతను బల్ల మీద పెట్టి, కళ్ళు గీత ఎత్తుకు వచ్చేలా వంగి చూడండి. చేత్తో పైకెత్తి పట్టుకుంటే మూత ఒరుగుతుంది, గీత తప్పుతుంది.
4. సిరంజి అయితే బుగ్గ లోపలివైపు కొద్దికొద్దిగా వదలండి. గొంతులోకి సూటిగా కొడితే పొరబోతుంది.
5. ఒక సీసా డ్రాపర్‌ను ఇంకో సీసాకు వాడవద్దు.

వేసిన అరగంటలోపే వాంతి చేసుకుంటే అదే మోతాదు మళ్ళీ వేయవచ్చు. అరగంట దాటాక అయితే వచ్చే సమయం దాకా ఆగండి. రెండోసారీ కక్కేస్తే ఇంట్లో ప్రయోగాలు ఆపి డాక్టర్‌కు చూపించండి.

నిద్రపోతున్న పిల్లలను మందు కోసమే లేపనక్కర్లేదు. పదహారేళ్ళ లోపు పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. టీకా వేయించడానికి ముందే "జ్వరం రాకుండా" మందు పట్టించడం అవసరం లేదు, జ్వరం వచ్చాక చూసుకోవచ్చు. జ్వరంతో ఫిట్స్ రాకుండా పారాసిటమాల్ ఆపుతుందని కూడా అనుకోవద్దు.

## 7. వేసుకున్న వెంటనే రాయండి

ఇది మా ఇంట్లో జరిగిన పొరపాటు. పాపకు రాత్రి ఎనిమిదింటికి నా భార్య సిరప్ వేసి స్నానానికి వెళ్ళింది. తొమ్మిదింటికి ఒళ్ళు వేడిగా ఉందని నేను మళ్ళీ వేశాను. ఇద్దరమూ బాధ్యతగానే చేశాం. డాక్టర్‌కు ఫోన్ చేసి బరువు, మి.గ్రా. చెప్తే కంగారు లేదన్నారు, కానీ ఆ రాత్రి టెన్షన్‌తో ఇద్దరికీ నిద్ర లేదు. మర్నాటి నుంచి ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాం.

కాగితంలో నాలుగే గడులు: సమయం, మందు, మి.గ్రా., వేసినవారు. మాత్ర మింగాక కాదు, నీళ్ళ గ్లాసు కింద పెట్టకముందే రాయాలి. ఒక పెద్దాయన కాగితం ఇలా ఉందనుకోండి:

- ఉదయం 7:00, జ్వరం మాత్ర, 650
- మధ్యాహ్నం 1:00, జ్వరం మాత్ర, 650
- సాయంత్రం 4:30, జలుబు మాత్ర, 500
- రాత్రి 10:00, జ్వరం మాత్ర, 650

మొత్తం 2450. హద్దులోనే ఉంది. కానీ ఒంటిగంటకూ నాలుగున్నరకూ మధ్య మూడున్నర గంటలే. జలుబు మాత్రను వేరే మందుగా లెక్కేసుకోవడం వల్ల వచ్చిన తప్పు ఇది. కాగితం లేకపోతే ఇది ఎవరికీ కనబడదు.

ఇంకో సంగతి. 24 గంటలంటే క్యాలెండర్ రోజు కాదు. అర్ధరాత్రి పన్నెండు దాటగానే లెక్క సున్నాకు రాదు. మీరు ఇప్పుడు ఎంత వేసుకోవచ్చో తెలియాలంటే నిన్న ఇదే సమయం నుంచి కూడండి.

## 8. తరచూ చేసే తప్పులు, ఏం చేయాలి

"పరగడుపున వేసుకోకూడదు." ఈ మందును తిని వేసుకోవచ్చు, తినకుండానూ వేసుకోవచ్చు. కడుపులో పుండు పడుతుందన్న భయం ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివాటిది. నోరు చేదై ఏమీ తినలేని మనిషిని ముందు తినమని బలవంతపెట్టనక్కర్లేదు. ఒక గ్లాసు నీళ్ళు చాలు.

పావుగంటకే తగ్గలేదని ఇంకోటి. పని మొదలవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆలోపు తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి, దుప్పట్లు తీసేయండి, నీళ్ళు తాగించండి. ఐసు నీళ్ళు, స్పిరిట్ వద్దు.

ఒక పూట మరిచిపోయారని రెండు మాత్రలు. మరిచిపోయింది వదిలేయండి. అవసరమైతే ఇప్పుడు ఒకటి, అక్కడి నుంచి కొత్త లెక్క.

జ్వరం లేకపోయినా "మూడు రోజుల కోర్సు" పూర్తి చేయడం. ఇది యాంటీబయాటిక్ కాదు. లక్షణం పోతే మందు ఆపేయండి.

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మార్చి మార్చి వేయడం. రెండూ వేర్వేరు రకాలు కాబట్టి నిషేధం లేదు. కానీ రెండు గడియారాలు నడపాలి, రాత్రివేళ అందులో తప్పు దొర్లడం ఖాయం. ఒకదానితోనే సరిపెట్టుకోవడం మేలు. డెంగ్యూ అనుమానం ఉన్నా, ఒంట్లో నీరు తగ్గినా, కిడ్నీ జబ్బో అల్సరో ఉన్నా ఐబుప్రోఫెన్ జోలికి వెళ్ళవద్దు.

నీళ్ళలో కరిగే మాత్రలు బీపీ ఉన్నవాళ్ళకు. బుసబుసమని పొంగే మాత్రల్లో సోడియం ఉంటుంది, కొన్నింటిలో ఒక్కోదానికి 400 మి.గ్రా. దాకా. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళు మామూలు మాత్రే మింగాలి.

తలనొప్పికి రోజూ. నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ రోజులు, మూడు నెలలపాటు మాత్రలు మింగితే ఆ మాత్రల వల్లనే తలనొప్పి రావడం మొదలవుతుంది. తగ్గలేదని ఇంకా మింగుతారు. దీనికి మందు మార్చడం కాదు, డాక్టర్ పర్యవేక్షణలో ఆపడం కావాలి.

## 9. మాత్ర పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి

- జ్వరం మూడు రోజులు దాటింది
- నొప్పి ఐదు రోజులైనా అలాగే ఉంది
- మెడ బిగుసుకుపోయింది, వెలుతురు చూడలేకపోతున్నారు
- ఊపిరి కష్టంగా ఉంది, మాట తడబడుతోంది, మగతగా ఉన్నారు
- ఫిట్స్ వచ్చాయి
- ఒంటి మీద మచ్చలు, చిగుళ్ళలో రక్తం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి
- పిల్లలు పాలు, నీళ్ళు పట్టడం లేదు, ఆరేడు గంటలుగా మూత్రం పోయలేదు
- మాత్ర వేసుకున్నాక ఒళ్ళంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, చర్మం ఊడడం

చివరిది చాలా అరుదు. వస్తే మాత్రం ఇంకో మాత్ర వేయకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి.

## 10. మోతాదు మించిందని తెలిస్తే

మోతాదు బాగా మించినా మొదటిరోజు మనిషి మామూలుగానే ఉండవచ్చు. కాస్త వికారం, ఒకటి రెండు వాంతులు, లేదా అవి కూడా లేవు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి రెండో రోజున మొదలవుతుంది. కామెర్లు మూడో నాలుగో రోజున కనబడతాయి. అప్పటికి లివర్ దెబ్బతినిపోయి ఉంటుంది. కాబట్టి "బాగానే ఉన్నాడు కదా, చూద్దాం" అనకూడదు.

దీనికి విరుగుడు ఉంది: ఎసిటైల్‌సిస్టీన్. మందు మింగిన 8 గంటలలోపు మొదలుపెడితే అది బాగా పని చేస్తుంది. ఆ తర్వాత కూడా ఇస్తారు గానీ ఫలితం తగ్గుతూ పోతుంది.

1. బలవంతంగా వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు, పసరు ఏవీ వద్దు.
2. ఖాళీ స్ట్రిప్‌లు, సీసా, అంటించిన కాగితం తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్ళండి.
3. ఎన్ని గంటలకు, ఎన్ని మి.గ్రా., ఒకేసారా లేక రోజంతా కొద్దికొద్దిగానా చెప్పండి. ఒకేసారి మింగినప్పుడు రక్తంలో మందు ఎంత ఉందో తేల్చే పరీక్షకు కనీసం నాలుగు గంటలు గడవాలి. మీరు చెప్పే సమయాన్ని బట్టే డాక్టర్లు ఆ అంకెను చదువుతారు.
4. మద్యం తాగి ఉంటే దాచవద్దు.
5. కావాలని మింగినట్టు అనుమానం ఉంటే మనిషిని ఒంటరిగా వదలవద్దు. ఎందుకు, ఏమిటి అన్న విచారణ దారిలో వద్దు.

పిల్లవాడు సీసా మూత తీసి తాగేశాడని అనుమానం ఉన్నా ఇదే పద్ధతి. ఎంత తాగాడో తెలియకపోతే సీసా నిండా ఉండిందనుకుని, ఇప్పుడు మిగిలింది తీసేసి, మిగతాదంతా తాగినట్టే డాక్టర్‌కు చెప్పండి.